అవార్డు మనిషికా, నాటకానికా?

ఢిల్లీలో ఉన్న జాతీయ సంస్థ సంగీత నాటక అకాడమీ పాత అవార్డుల జాబితా తిరగేస్తుంటే 1982 దగ్గర షీలా భాటియా పేరు తగిలింది. విభాగం దర్శకత్వం. ఆవిడ గురించి ఎక్కడ చదివినా పేరు వెంటే 'పంజాబీ ఒపేరా' అన్న మాట వస్తుంది. 1916లో సియాల్‌కోట్‌లో పుట్టారు. ఢిల్లీలో స్థిరపడి ఢిల్లీ ఆర్ట్ థియేటర్ పెట్టారు, నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో పాఠాలు చెప్పారు. హీర్ రాంఝా ప్రేమకథను పాటల మీదే నడిపించి చూపించారు. అకాడమీ అవార్డు కంటే ముందే, 1971లో, పద్మశ్రీ వచ్చింది.

పాటతో కథ నడిపిన మనిషిని దేశం దర్శకురాలిగా గుర్తించింది కదా, మరి పద్యంతో కథ నడిపించే మనవాళ్ల మాటేమిటి? నా ఆలోచన అక్కడ మొదలైంది. 'ఢిల్లీ వాళ్ల కంటికి మనం ఆనం' అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. మన దగ్గర ఆ మాటకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది కూడా. కానీ ఆ అకాడమీకి మొట్టమొదటి అధ్యక్షుడు తెలుగువాడే. 1953లో అది మొదలైనప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది పాకాల వెంకట రాజమన్నార్. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, పైగా తెలుగు నాటక రచయిత. ఆయన రాసిన 'తప్పెవరిది' నాటకాన్ని పేరున్న నటుడు బళ్లారి రాఘవ ఆడారు.

రాఘవ పేరు వచ్చింది కాబట్టి ఒక అనుమానం కూడా చెప్పేస్తాను. స్టేజీ మీద రాగాలు తీయడం ఆయనకి గిట్టదు, నటుడు మాట్లాడాలి అనేవారు. రాజమన్నార్ నాటకాలు కూడా ఆ దారిలోవే, వచనంలో నడిచే సాంఘికాలు. అంటే అకాడమీకి పునాది వేసిన రోజుల్లో అక్కడున్న తెలుగు రుచి పద్యనాటకం రుచి కాదు. దీనివల్లే దర్శకత్వం లెక్కలో పద్యనాటకం కనబడలేదని నేననను, అలా అనడానికి ఆధారం లేదు. కాకపోతే 'మనవాడొకడు అక్కడ ఉంటే చాలు' అనుకునేవాళ్లకి ఈ సంగతి గుర్తుచేయాలనిపిస్తుంది.

సత్యభామలిద్దరు

1961 జాబితాలో తెలుగువాళ్లు మురిసిపోవాల్సిన పేర్లు రెండున్నాయి. స్థానం నరసింహారావు, నటన. వేదాంతం సత్యనారాయణ శర్మ, కూచిపూడి నృత్యం. ఒకరు శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామ, ఇంకొకరు భామాకలాపంలో సత్యభామ. ఇద్దరూ మగవాళ్లు, ఇద్దరూ ఆడవేషానికే పేరుపడ్డవాళ్లు. కృష్ణుడి మీద అలిగిన సత్యభామ ఒక్కతే గానీ, అవార్డు ఇచ్చేటప్పటికి ఒకావిడ నాటకంలోకి వెళ్లింది, ఇంకొకావిడ నాట్యంలోకి వెళ్లింది.

కర్ణాటక యక్షగానం చూడండి, అది అకాడమీ లెక్కలో నాటకం కిందకి వస్తుంది. యక్షగానంలోంచే ఎదిగిన మన కూచిపూడి నృత్యం కింద ఉంది. కూచిపూడిని శాస్త్రీయ నృత్యాల వరసలో నిలబెట్టడానికి 1950ల చివర్లో మనవాళ్లు పడ్డ పాట్లు తెలిసినవే. వరస దొరికింది. దొరికినప్పుడు మేళం మొత్తాన్ని నడిపే మనిషి పని కనిపించకుండా పోయింది. చింతా కృష్ణమూర్తి గారికి కూడా అకాడమీ అవార్డు వచ్చింది, నృత్యం కిందే. వెంకటరామ నాట్యమండలిని ఆయన నడిపిన తీరు గురించి పెద్దలు చెప్పేది వింటే అందులో సగం దర్శకత్వమే. ఎవరెప్పుడు రంగం మీదకి రావాలి, పాట ఎక్కడ తెగాలి, సూత్రధారుడు ఎక్కడ కథలో వేలు పెట్టాలి, అన్నీ ఆయన చూసుకునేవే.

ఇంతవరకు రాసి, దర్శకత్వంలో పాడే నాటకానికి వేరే విభాగం పెట్టాలి అని ముగించేద్దామనుకున్నాను. ఆ వాదన నిలబడదు. దర్శకత్వం విభాగంలోనే హబీబ్ తన్వీర్ (1969), బి.వి. కారంత్ (1976), కావాలం నారాయణ పణిక్కర్ (1983) ఉన్నారు. వీళ్లలో ఒక్కరి నాటకం నుంచైనా పాట తీసేస్తే మిగిలేదేమీ లేదు. కారంత్ అయితే నాటకాన్ని చెవితోనే కట్టేవారు. ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారులతో పనిచేసిన తన్వీర్‌కి, తిరువనంతపురంలో కూర్చున్న పణిక్కర్‌కి కనబడిన విభాగం మనకి కనబడలేదంటే తప్పు విభాగానిది కాదు.

మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు

అయితే పద్యనాటకానికి అసలు దర్శకుడంటూ ఉన్నాడా? ఇది తేలకుండా అవార్డు గురించి మాట్లాడి లాభం లేదు.

హార్మోనియం వాయించే పెద్దాయన ఒకాయన్ని ఇదే అడిగాను. తెనాలి చుట్టుపక్కల ఆయన తెలియని నాటకాల కాంట్రాక్టరు లేడు. "ఏంలేదు బాబూ. మొదటి కృష్ణుడెవరు, రెండో కృష్ణుడెవరు, హార్మోని ఎవరు. ఈ మూడూ కుదిరితే నాటకం కుదిరినట్టే. మధ్యలో డైరెక్టరెందుకు, ఇంకో భోజనం ఖర్చు" అన్నారు.

ఆయన వేళాకోళానికి అనలేదు. రాత్రంతా ఆడే నాటకంలో పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు ఉండటం మనకి మామూలే. హరిశ్చంద్రలో కాటిసీను హరిశ్చంద్రుడు వేరే. ఒక్కొక్కరు ఒక్కో ఊరి నుంచి బస్సు దిగి, మేకప్ వేసుకుని, డ్రెస్ కంపెనీవాళ్లిచ్చిన కిరీటం పెట్టుకుని నేరుగా స్టేజీ ఎక్కుతారు. ముందు రిహార్సల్ ఉండదు. పద్యాలు అందరికీ నోటికొచ్చు, సీను ఎటు పోతుందో అందరికీ తెలుసు, శృతి ఎంతో హార్మోనిస్టుకి తెలుసు. ఇంత పకడ్బందీగా నడిచే పనికి పైన ఇంకో పెత్తందారు ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే.

గుంటూరు జిల్లాలో ఒక ఊళ్లో తిరనాళ్లకి రాయబారం చూశాను. కృష్ణుడు 'చెల్లియో చెల్లకో' పాడాడు. వన్స్‌మోర్. హార్మోనియం మళ్లీ అందుకుంది. ఈలోగా దుర్యోధనుడు గద భుజం మీంచి దింపి సింహాసనానికి ఆనించాడు. సైడువింగు నుంచి ఒక కుర్రాడు గోళీసోడా అందించాడు. తాగి, సీసా సింహాసనం వెనక పెట్టి, మూతి తుడుచుకుంటూ మీసం ఊడలేదు కదా అని ఒకసారి తడిమి చూసుకుని, గద మళ్లీ భుజానికెత్తి, కనుబొమలు ముడేసి కూర్చున్నాడు. సరిగ్గా కృష్ణుడు రెండోసారి మొదటి పాదం ఎత్తుకునే వేళకి. జనంలో ఒక్కరికీ ఇది తేడాగా అనిపించలేదు. నాకూ అనిపించలేదు, రెండోసారి పాడింది మొదటిదానికంటే బాగుంది మరి.

దీన్ని చూసి 'దర్శకత్వం లేదు' అనడం తేలిక. కానీ హరిశ్చంద్ర కాటిసీను గురించి ఆలోచించండి. 'ఇచ్చోటనే' అని మొదలయ్యే పద్యం లేకుండా ఆ సీనుని ఇవాళ ఊహించలేం. అది బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోది కాదు. జాషువా గారి శ్మశానవాటి ఖండికలోది. ఎక్కడో విడిగా ఉన్న కవితలోంచి తీసి, కాటికాపరి వేషంలో ఉన్న రాజు నోట్లో పెట్టి, సరిగ్గా అతను ఒంటరిగా తిరుగుతున్న చోట నిలబెట్టారు. అంటరానితనం అనుభవించిన కవి మాటల్ని, కులం పోగొట్టుకున్న రాజు చేత, శ్మశానంలో పలికించారు. తెలుగు రంగస్థలం మీద ఇంతకంటే గొప్ప దర్శక నిర్ణయం నాకు తట్టదు. పనైతే జరిగింది, దానికి దర్శకత్వం అన్న పేరే పెట్టలేదు. కాబట్టి పెద్దాయన మాటకి నా జవాబు ఇది: దర్శకుడు లేకపోవచ్చు గానీ దర్శకత్వం ఉంది. నటుడి గొంతులోకి, హార్మోనిస్టు వేళ్లలోకి, కాంట్రాక్టరు ఫోన్లలోకి పంచుకుపోయి ఉంది.

అలా పంచుకుపోవడం వల్ల ముచ్చట ఉన్నట్టే ముప్పు కూడా ఉంది. చింతామణి సంగతే చూడండి. కళ్లకూరి నారాయణరావు గారు రాసింది వేశ్యా వ్యసనానికి ఎదురు నిలిచే సంస్కరణ నాటకం. దశాబ్దాలుగా ఆడుతూ ఆడుతూ సుబ్బిశెట్టి పాత్రకి ఎవరికి తోచిన హాస్యం వాళ్లు తగిలించారు. ఒక కులాన్ని వెక్కిరిస్తున్నారని ఆర్యవైశ్య సంఘాలు ఏళ్ల తరబడి గొడవ చేశాయి. చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం నాకు నచ్చలేదు. అయినా ఒక మాట అడగాలి కదా: ఫలానా ప్రదర్శనకి బాధ్యుణ్ని నేను, ఆ మాటలు ఉంచింది నేను, లేదా తీసేసింది నేను అని చెప్పే మనిషి ఒకడుంటే నిలదీయడానికి ఒక చిరునామా ఉండేది. అలాంటి మనిషి లేడు గనక శిక్ష వెళ్లి రచయితకి పడింది, ఆయన పోయి తొంభై ఏళ్లు దాటాక.

ఒకే కథకి వరసగా రెండేళ్లు

జర్మనీలో 2006 నుంచి ఫౌస్ట్ అని జాతీయ రంగస్థల అవార్డు ఇస్తున్నారు. అందులో ఒపేరా దర్శకత్వానికి విడిగా ఒక విభాగం ఉంది. విభాగం ఉండటం కంటే నన్ను ఆపింది వేరే. అవార్డు పక్కన మనిషి పేరుతో పాటు ఫలానా ప్రదర్శన, ఫలానా ఊరి థియేటరు అని రాస్తారు. ఫలానా ఏడాది, ఫలానా నాటకాన్ని వీళ్లు ఇలా ఆడించారు, అందుకు ఇది అన్నమాట.

2018లో అది కార్ల్స్‌రూహె థియేటర్లో టోబియాస్ క్రాట్సర్ చేసిన, జర్మన్ స్వరకర్త వాగ్నర్ రాసిన ఒపేరాకి వచ్చింది. నాలుగు భాగాల 'రింగ్' కథలో చివరి భాగం. మరుసటి ఏడు, 2019లో, కెమ్నిట్స్‌లో ఎలిజబెత్ ష్టోప్లర్ చేసిన ఒపేరాకి వచ్చింది. అదీ వాగ్నరే, అదీ ఆ చివరి భాగమే. రెండు ఊళ్లలోనూ నాలుగు భాగాల్ని నలుగురు వేర్వేరు దర్శకులకి పంచారు. కెమ్నిట్స్‌లో ఆ నలుగురూ ఆడవాళ్లే. రెండూ మ్యూనిక్, బెర్లిన్ లాంటి పెద్ద ఊళ్లు కూడా కావు.

పాట అదే, సంగీతం అదే, చివర్లో మంటల్లో కాలిపోయే లోకం అదే. మరి దేనికిచ్చారు? క్రాట్సర్ చేసినదాంట్లో ఒక ముక్క చెబితే తెలుస్తుంది. ఆ భాగం ముగ్గురు విధిదేవతలతో మొదలవుతుంది. ఇంతకు ముందు జరిగినదంతా వాళ్లు తలుచుకుంటూ పాడతారు. ఆయన ఆ ముగ్గుర్నీ ముందు మూడు భాగాల దర్శకులుగా చూపించాడు. అప్పటిదాకా కథ నడిపింది వాళ్లే కదా, ఇక మీదట ఏమవుతుందో వాళ్ల చేతుల్లో లేదు కదా. పాత మాటలకే కొత్త అర్థం వచ్చి కూర్చుంది. కొంచెం అతి తెలివిగా ఉందని మీకనిపిస్తే నేను కాదనను. కాకపోతే ఇది దర్శకుడు చేసిన పని, పాడినవాళ్లదో రాసినవాడిదో కాదు అని వేలు పెట్టి చూపించగలం. పద్యం మారకుండా రాయబారాన్ని వెయ్యిసార్లు ఆడిన మనకి ఇది అర్థం కాని విషయమేమీ కాదు.

ఇక్కడ కూర్చుని జర్మనీ గొప్పలు చెప్పుకోవడంలో ఇబ్బంది ఉంది. అక్కడ ప్రతి మోస్తరు ఊరికి ప్రభుత్వ డబ్బుతో నడిచే థియేటరు, దానికి జీతాల మీద పనిచేసే ఆర్కెస్ట్రా, గాయకులు ఉంటారు. ఒక్కో ప్రదర్శనకి వారాల తరబడి రిహార్సల్స్. బస్సు దిగి స్టేజీ ఎక్కే మన రెండో కృష్ణుడితో దానికి పోలికే లేదు. పైగా అక్కడ దర్శకుడి పెత్తనం మరీ ముదిరిందని, పాట వినడానికి వచ్చినవాళ్లకి వింత సెట్టింగులు చూపిస్తున్నారని గొడవ పడేవాళ్లు చాలామంది. తెర పడ్డాక దర్శకుడు నమస్కారం పెట్టడానికి వస్తే హాలంతా 'బూ' అని అరవడం అక్కడ మామూలు. దర్శకత్వానికి అవార్డు పెడితే కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే దర్శకత్వానికే వెళుతుందన్న భయం నాకూ ఉంది.

అయినా నేను చెప్పదలుచుకున్నది అదే. దర్శకత్వానికి ఇచ్చే జాతీయ అవార్డు ఒక ప్రదర్శనకి ఇవ్వాలి. జీవితకాల సేవకి కాదు. అకాడమీ అవార్డు పత్రంలో దర్శకుడి జీవితమంతా ఉంటుంది. ఏ నాటకంలో ఏం చేసినందుకు ఇచ్చారన్నది మాత్రం తేలదు. గాయకుడికి, నర్తకికి అలా ఇవ్వడంలో అర్థం ఉంది, వాళ్ల విద్య వాళ్ల ఒంట్లోనే ఉంటుంది, రేపు కూర్చోబెట్టి వినొచ్చు. దర్శకుడి విద్య ప్రదర్శనలోనే ఉంది. ఆ రాత్రి అయిపోయాక చూపించడానికి ఏమీ మిగలదు.

పరిషత్తులో ఏం జరిగిందంటే

'అయ్యా, ప్రదర్శనకి అవార్డు ఇవ్వడం మాకు కొత్తా' అని పరిషత్తు నాటకాలు ఆడినవాళ్లు నన్ను నిలదీస్తారు. నిజమే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పటి నుంచి మనకి పోటీలే పోటీలు. 1998 నుంచి నంది నాటకోత్సవాలు వచ్చాయి, అందులో పద్యనాటకానికి విడిగా పోటీ పెట్టారు, దర్శకుడికీ బహుమతి ఉంది. ఢిల్లీలో మహీంద్రా వాళ్లు 2006 నుంచి ఇస్తున్న రంగస్థల అవార్డులు కూడా ఇలాంటివే. ఎంపికైన నాటకాల్ని పిలిపించి, జ్యూరీ ముందు ఆడించి, అప్పుడు ఇస్తారు.

కాబట్టి పరిషత్తుల్లో నేను చూసిన ఒక ముచ్చట చెప్పాలి. నా వాదనకి ఇది సాయం చేస్తుందో అడ్డం పడుతుందో మీరే చూడండి.

ఒక స్కూలు మాస్టారు పోటీకి హరిశ్చంద్ర తయారుచేస్తుంటే రిహార్సల్ చూడ్డానికి వెళ్లాను. కాటిసీను నడుస్తోంది. చనిపోయింది తన కొడుకే అని హరిశ్చంద్రుడికి తెలిసిపోయింది. నటుడు పద్యం ఎత్తుకుని, చివరి పాదం అయ్యాక రాగం మొదలుపెట్టాడు. మాస్టారు చెయ్యెత్తి ఆపారు.

"రాగం వద్దయ్యా ఇక్కడ. కొడుకు శవం ముందు కచేరీ ఏమిటి?"

"జనం వచ్చేదే దానికి కదండీ మాస్టారూ."

"జనం సంగతి నాకొదిలెయ్. మొదటి పాదం మామూలుగా మాట్లాడు. రెండో పాదానికి శృతిలో పడు. మూడు, నాలుగు పాడు. అయిపోగానే నోరు మూసుకో. హార్మోని కూడా ఆగాలి. లెక్కపెట్టుకో, అయిదు అంకెలు. అప్పుడు చంద్రమతి ఏడవాలి."

చేసి చూశారు. ఆ అయిదు అంకెలసేపు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. చంద్రమతి వేసే ఆవిడ నిజంగానే ఏడ్చేసింది. మాట్లాడుతున్న మనిషి గొంతు ఎక్కడ పాటలోకి జారిందో నాకు తెలియనే లేదు. పద్యం గురించి నాకున్న అభిప్రాయాలు చాలావరకు ఆ గదిలోనే మారిపోయాయి.

పోటీ రోజు అతను మూడు పాదాలు మాస్టారు చెప్పినట్టే చేశాడు. నాలుగో పాదం పాడుతుండగానే ముందు వరసల్లో ఎవరో 'ఆహా' అన్నారు. అంతే, రాగం అందుకున్నాడు. హార్మోనిస్టు ఒక్క క్షణం మాస్టారి వైపు చూసి తనూ అందుకున్నాడు. చప్పట్లు, ఈల. అయిదు అంకెలు ఎటుపోయాయో ఎటుపోయాయి. టైం మించిపోతోందని బెల్లు కూడా కొట్టారు. మాస్టారు సైడువింగులో డ్రెస్సుల ట్రంకుపెట్టె మీద కూర్చుండిపోయారు. ఉత్తమ నటుడు బహుమతి అతనికే వచ్చింది. దర్శకత్వం బహుమతి వేరే నాటకానికి, అందులో పొగ బాగా వేశారు.

అంటే ప్రదర్శనకి ఇచ్చినంత మాత్రాన దర్శకత్వం కనిపించదు. పద్యనాటకంలో మంచి దర్శకత్వమంతా చప్పట్లు పడని చోట ఉంటుంది. రాగం ఎక్కడ ఆగింది, వన్స్‌మోర్‌కి ఎవరు తల ఒగ్గలేదు, ఎదుటివాడు పాడుతుంటే దుర్యోధనుడు ఏం చేస్తున్నాడు అన్న దగ్గర ఉంటుంది. దాన్ని పట్టుకోగల కళ్లు, ముఖ్యంగా చెవులు, జ్యూరీలో ఉండాలి. నాకైతే జ్యూరీలో ఒక హార్మోనిస్టు లేకుండా పద్యనాటకానికి మార్కులు వేయకూడదనిపిస్తుంది. ఇంకోటి, ఎందుకిచ్చారో కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి బయటపెట్టాలి. 'రంగాలంకరణ, ఆహార్యం, దీపకాంతులు చక్కగా సమకూరాయి' లాంటివి కాదు. ఫలానా సీనులో ఫలానా పద్యాన్ని ఇలా పలికించారు, అందువల్ల ఫలానా సంగతి మాకు మొదటిసారి తెలిసింది అని. అలా రాయాల్సి వస్తే పొగకి బహుమతి ఇవ్వడం కష్టం.

జీవితకాల అవార్డు మాటకి మళ్లీ వస్తాను, ఎందుకంటే నాలో నాకే పడని చోటు అది. అకాడమీ అవార్డంటే లక్ష రూపాయలు, తామ్రపత్రం, అంగవస్త్రం. డెబ్బై ఏళ్లు దాటి, గొంతు పోయి, పింఛను లేని కళాకారుడికి ఆ లక్ష, రాష్ట్రపతి చేతి మీదుగా అందుకున్న ఫోటో ఎంత విలువైనవో, ఊళ్లలో ఆ ఫోటోని ఎక్కడ తగిలిస్తారో చూసినవాళ్లకి తెలుసు. దాన్ని తీసేయమనే ధైర్యం నాకు లేదు, తీసేయాలనీ లేదు. నటులకి, పాడేవాళ్లకి, వాయించేవాళ్లకి అది అలాగే ఉండనివ్వండి. దర్శకత్వం ఒక్కదాన్ని మార్చండి అంటున్నాను. మారిస్తే ఇంకో లాభం కూడా ఉంది. ప్రదర్శన పేరు పెట్టి అవార్డు ఇవ్వాలంటే ఆ ప్రదర్శన రికార్డు చేసి దాచక తప్పదు. ఆర్కైవు నడిపే అకాడమీకి అది తలకు మించిన పనేమీ కాదు.

'ఢిల్లీలో కూర్చున్న జ్యూరీకి తెలుగు పద్యం ఏం తెలుస్తుంది' అనే మాట తప్పకుండా వస్తుంది. మణిపురీ భాష రాకుండానే రతన్ థియ్యం నాటకాలకి దేశమంతా లేచి నిలబడింది. దర్శకత్వం బలంగా ఉంటే భాష అడ్డం కాదు. అయితే పద్యం విషయంలో ఇది సగమే నిజం. చంద్రమతి ఏడుపుకి ముందు ఆ అయిదు అంకెల మౌనం తెలుగు రానివాళ్లకీ తెలుస్తుంది. మాట పాటలోకి జారిన చోటు మాత్రం తెలియకపోవచ్చు.

సురభిలో ఎవరి పేరు రాస్తారు?

నా వాదన ఎక్కువ ఇరుకున పడేది సురభి దగ్గర. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలై, వనారస గోవిందరావు గారి కుటుంబం కొమ్మలు కొమ్మలుగా విస్తరించి, తరాలు దాటి వచ్చిన సంస్థ. మన దగ్గర ఒపేరాకి దగ్గరగా వచ్చేది ఏదైనా ఉంటే అదే. పాట, పద్యం, చుట్టి దింపే తెరలు, తీగల మీద ఎగిరే మనుషులు. అక్కడ రిహార్సల్ ఉంది, క్రమశిక్షణ ఉంది. మాయాబజారులో ఘటోత్కచుడు నోరు తెరిచేదెప్పుడు, లడ్డూ గాల్లోకి లేచేదెప్పుడు, హార్మోనియం ఆగేదెప్పుడు, ఈ మూడూ ఒక్క రెప్పపాటులో కలవాలి. తెర వెనక తీగ లాగే మనిషి పద్యం వింటూ లాగుతాడు. ఆ లెక్క వాళ్ల నాన్నకి వాళ్ల తాత నేర్పింది. 2013లో సురభి బాబ్జీ గారికి, అంటే రేకందార్ నాగేశ్వరరావు గారికి, పద్మశ్రీ వచ్చింది. అది మనిషికి వచ్చిన గౌరవమే, కానీ కుటుంబమంతా తమదే అనుకుంది, అలా అనుకోవడమే సబబు.

1996లో కారంత్ వచ్చి సురభి వాళ్లతో భీష్మ చేయించారు. ఆ తర్వాత చండీప్రియ, 1998లో జర్మన్ నాటక రచయిత బ్రెహ్ట్ నాటకం ఆధారంగా బస్తీ దేవత యాదమ్మ. చిన్నప్పుడు కర్ణాటకలో గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో పెరిగిన మనిషి కాబట్టి కంపెనీ నాటకం ఆయనకి పుట్టిల్లు లాంటిది. దేశంలో పేరున్న ఒక దర్శకుడు, తరాల నాటి పాడే నాటక కుటుంబం, తెలుగు. నేను అడుగుతున్న అవార్డు అప్పుడే ఉండి ఉంటే దానికోసమే పుట్టిన ప్రదర్శన భీష్మ.

మరి పత్రం మీద కారంత్ పేరు ఒక్కటే ఉండేదా? ఉండేదేమో, అప్పటి పద్ధతి అది. ఉంటే నాకు నచ్చేది కాదు. జర్మనీలో జోసీ వీలర్, సెర్జియో మొరాబితో ఏళ్ల తరబడి ఒపేరాలకి ఇద్దరూ కలిసే దర్శకత్వం చేశారు, ఇద్దరి పేర్లూ పక్కపక్కనే వేసుకున్నారు. మన దగ్గర ఇద్దరితో కూడా ఆగదు. దరఖాస్తులో 'దర్శకుడు' అన్న చోట ఒక్క గీత ఇస్తారు కదా, దాని కింద ఇంకో నాలుగు గీతలు గీయమనండి. రాగం ఎక్కడ ఆపాలో ఒప్పించిన మాస్టారు ఒకదాంట్లో, ఆపిన హార్మోనిస్టు ఇంకోదాంట్లో రాసుకుంటారు. తెనాలి పెద్దాయన అందులో సంతకం పెడతారా అంటే నాకు నమ్మకం లేదు. ముందు భోజనం ఖర్చు ఎవరిదని అడుగుతారు.